పాత మిద్దె సామానుతో ఇంటి అలంకరణ: నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల ఉదాహరణ

ఉద్దేశాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• రీసైక్లింగ్‌కూ అప్‌సైక్లింగ్‌కూ గల తేడాను వివరించగలుగుతారు.
• పాత వస్తువు ఏ పదార్థంతో తయారైందో బట్టి దానిని శుభ్రపరిచే పద్ధతిని ఎంచుకోగలుగుతారు.

1. పరిచయం

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల పాత ఇళ్లు ఎక్కువగా మిద్దెలు. రాతి గోడలు, వాటిపై చెక్క దూలాలు, దంతెలు, ఆపైన మట్టి కప్పు: ఇదీ వాటి నిర్మాణం. మిద్దె పడగొట్టిన రోజున దూలాలు, ద్వారబంధాలు, రోళ్లు, విసుర్రాళ్లు, ఇత్తడి బిందెలు ఒకేసారి బయటపడతాయి. చెక్క కట్టెలుగా పోతుంది, ఇత్తడి తూకానికి పోతుంది, రాయి వీధిలో మిగిలిపోతుంది. మా ఇంటి గడప కూడా అలాగే పొయ్యిలోకి పోయింది. మా అమ్మ ఏళ్ల తరబడి పసుపు రాసిన గడప అది. అది ఏ చెక్కో అడిగి తెలుసుకునే ఓపిక ఆ రోజు మాలో ఎవరికీ లేకపోయింది.

వస్తువును కరిగించి తిరిగి ముడిపదార్థంగా మార్చడం రీసైక్లింగ్. దాని రూపాన్ని వీలైనంత కాపాడుతూ కొత్త పనికి వాడి విలువ పెంచడం అప్‌సైక్లింగ్. ఇత్తడి బిందెను కరిగిస్తే మొదటిది, పూలకుండీగా అమరిస్తే రెండవది.

2. పదార్థాన్ని గుర్తించడం

ఇత్తడిని చింతపండుతో తోముతాం. చింతపండులోని ఆమ్లం లోహంపై పట్టిన నల్లని పొరను కరిగిస్తుంది. అదే చింతపండు నాపరాయిని పాడుచేస్తుంది. బేతంచెర్ల, బనగానపల్లె ప్రాంతాల నాపరాయి సున్నపురాయి జాతికి చెందినది. ఆమ్లం తగిలితే దాని నునుపు పోయి మచ్చ పడుతుంది. కనుక నాపరాయిని నీటితో, సబ్బుతో మాత్రమే కడగాలి. బాత్‌రూమ్ యాసిడ్ అసలే వాడరాదు.

3. చెక్కను సిద్ధపరచడం

ముందుగా దూలాన్ని తట్టి చూడండి. బోలుగా మోగినచోట సూదితో గుచ్చితే చెదలు తిన్న భాగం తెలుస్తుంది. దానిని కోసివేసి, మిగిలినదానిని బాగా ఎండనివ్వాలి.

పాత తలుపుల రంగులో సీసం ఉండవచ్చు. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం మించరాదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమలులోకి వచ్చింది. అందుచేత పాత రంగును పొడిగా గీకకూడదు. తడిపి, మాస్కు ధరించి, పిల్లలకు దూరంగా తీయాలి. ఆ తరువాత అవిసె నూనె పలుచగా పూస్తే చెక్క నిగనిగలాడుతుంది. నూనె గుడ్డలను కుప్పగా వేయవద్దు. వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. విడివిడిగా ఆరుబయట ఆరవేయాలి.

4. అమరిక

ఏ వస్తువునైనా మొదట అడగవలసిన ప్రశ్న: ఇది తన పాత పనికే ఇంకా పనికివస్తుందా? అరిగిన రోలుకు ఉలితో గంట్లు పెట్టిస్తే మళ్లీ పచ్చడి నూరుకోవచ్చు. శిల్పులకు పేరుపడ్డ ఆళ్లగడ్డలో ఉలి పట్టే చేతికి కొదవ లేదు. పగిలిన రోలునే నేలపై పూలతొట్టిగా వాడండి. రోలులో నీళ్లు నింపితే వారానికొకసారి పారబోసి, లోపల రుద్ది కడగాలి. లేకుంటే దోమలు పెరుగుతాయి. దంతెలను గోడ అరలుగా, తలుపును బల్లగా మార్చవచ్చు. గొళ్లాన్ని, ఉలి గుర్తులను చెరపవద్దు. ఆ వస్తువు ఏ ఇంటిదో చెప్పేవి అవే.

సారాంశం

పదార్థాన్ని గుర్తించడం, తగినంతే శుభ్రం చేయడం, తక్కువగా మార్చడం: అప్‌సైక్లింగ్‌కు ఈ మూడు మెట్లే ఆధారం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. నాపరాయిని చింతపండుతో ఎందుకు కడగకూడదు?
2. మీ వీధిలో పడగొడుతున్న ఒక పాత ఇంటిని చూసి, కాపాడదగిన మూడు వస్తువులను, వాటి పదార్థాలను రాయండి.