కొట్టేసిన బాకీ

తమిళనాడులోని రాజపాళయం రాజుల ఇళ్లలో మాట తెలుగు. బళ్లో లెక్కలు చాలామందికి తమిళంలోనే. సున్నాకు పైనున్న సంఖ్యను అక్కడి పాఠ్యపుస్తకం 'మిగై' అంటుంది, కిందున్నదాన్ని 'కుఱై' అంటుంది. మొదటిది మన మిగులు, రెండోది మన కొరతకు చుట్టమే. తెలుగు పుస్తకాల్లో వీటినే ధనం, రుణం అంటాం. 628లో బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుట సిద్ధాంతంలో ఈ సంఖ్యల గుణకారానికి నియమాలు చెప్పినప్పుడు వాడిన మాటలూ ఇవే. ధనాన్ని ధనంతో గుణిస్తే ధనం, రుణంతో గుణిస్తే రుణం, రుణాన్ని రుణంతో గుణిస్తే ధనం.

ఏ భాషలో చదివినా పిల్లలు తట్టుకునేది ఆ చివరిదాని దగ్గరే. రెండు అప్పులు చేస్తే ఆస్తి ఎలా అవుతుందని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. రెండు అప్పులు కలిపితే పెద్ద అప్పే అవుతుంది. కానీ అది కూడిక, గుణకారం కాదు. "మైనస్ మైనస్ ప్లస్" అని ఊరికే బట్టీ పట్టిన పిల్లవాడు -3 - 4 కనబడగానే 7 అని రాసేస్తాడు. అక్కడ గుణకారమే లేదు, జవాబు -7. ఆ తప్పుకు పిల్లవాణ్ణి తిట్టి లాభం లేదు. నియమం చెప్పారు గాని, అది ఎక్కడ పనిచేస్తుందో చెప్పలేదు.

అసలు ఇక్కడ రెండు అప్పులు లేవు. ఒక సంఖ్య అప్పు, రెండోది ఆ అప్పును ఏం చేశామో చెబుతుంది. కిరాణా కొట్టు ఖాతాలో మన పేరు మీద ఒక్కోటి 50 రూపాయల బాకీ చీటీలున్నాయి. మరో మూడు చీటీలు చేరితే 3 × (-50), అంటే 150 రూపాయలు దిగజారాం. వాటిలో మూడు పొరపాటున రెండుసార్లు రాసినవని తేలి కొట్టువాడు కొట్టేశాడనుకోండి, అది (-3) × (-50). 150 రూపాయలు మనకు కలిసొచ్చినట్టే.

డబ్బు గొడవ వద్దంటే నీళ్లతో చూద్దాం. రాజపాళయానికి తాగునీరిచ్చే జలాశయం ఊరికి పడమట, కొండల అడుగున, ఆరో మైలు దగ్గర ఉంది. ఎండాకాలంలో దాని మట్టం రోజుకు 3 సెంటీమీటర్ల చొప్పున తగ్గుతోందనుకుందాం. నాలుగు రోజుల తర్వాత 4 × (-3), ఇవాళ్టి కంటే 12 సెంటీమీటర్లు కిందికి. మరి నాలుగు రోజుల కిందట? రోజులు వెనక్కి లెక్కపెడుతున్నాం కనుక -4. తగ్గుతూ వస్తున్న నీరు అప్పుడు ఇవాళ్టి కంటే 12 సెంటీమీటర్లు పైనే ఉండి ఉంటుంది. (-4) × (-3) = 12.

ఇవి పోలికలేగా, రుజువేదీ అనే పిల్లలూ ఉంటారు. ఆ పిల్లలంటే నాకు మరీ ఇష్టం. వాళ్లకు 99 × 98 ఇవ్వండి. పలక మీద మామూలుగా గుణిస్తే 9702. ఇప్పుడు అదే లెక్క (100 - 1) × (100 - 2) అని విడదీసి చేయమనండి. నూరు నూర్ల 10,000. అందులోంచి 200 పోయి, మరో 100 పోతే 9700. మిగిలింది (-1) × (-2). అది 2 అయితేనే మొత్తం 9702. -2 అంటే 9698 వస్తుంది, పలక మీది లెక్క తప్పవుతుంది.

అన్ని సంఖ్యలకూ ఇదే దారి. 3, -3 కలిస్తే సున్నా. సున్నాను -4తో గుణించినా సున్నాయే. విడివిడిగా గుణిస్తే మొదటిది -12. కలిపితే సున్నా రావాలి కనుక రెండోది, అంటే (-4) × (-3), 12 కాక తప్పదు. ఈ నియమం ఎవరో శాసించింది కాదు. మామూలు సంఖ్యల గుణకారం కొత్త సంఖ్యల దగ్గరా చెడకుండా ఉండాలంటే వచ్చే జవాబు ఇదొక్కటే.

సుమారు 850లో మహావీరాచార్యుడు గణిత సార సంగ్రహంలో ఈ నియమాలే మళ్లీ చెప్పాడు. పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చిన గ్రంథం అదే. మహావీరుడు ఇంకో అడుగు ముందుకేశాడు. ధనాన్ని దానితోనే గుణించినా, రుణాన్ని దానితోనే గుణించినా వచ్చేది ధనమే. కాబట్టి రుణ సంఖ్య దేనికీ వర్గం కాదు, దానికి వర్గమూలం లేదు అన్నాడు.