సందేశాన్ని ముగించే ఎంజైము

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో పత్తి ముఖ్యమైన వర్షాధార పంట. చేను పూత, కాయ దశకు చేరేసరికి పురుగుల బెడద హెచ్చుతుంది. రైతులు, కూలీలు మందు పంపును వీపున తగిలించుకొని సాళ్ల మధ్య పిచికారీ చేస్తారు. పత్తికి ఎంతోకాలంగా వాడుతూ వచ్చిన మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫరస్ మందులు పురుగుల నాడీవ్యవస్థలోని ఒక ఎంజైమును స్తంభింపజేస్తాయి. దాని పేరు ఎసిటైల్‌కోలిన్ ఎస్టరేజ్. మనిషి నాడీవ్యవస్థలో కూడా ఈ ఎంజైము ఉండడమే ప్రమాదానికి మూలం.

నాడులు రసాయనాల ద్వారా సందేశాలు పంపగలవని 1921లో ఆటో లోవీ కప్ప గుండెలపై చేసిన ప్రయోగం నిరూపించింది. అట్టి రసాయనమే ఎసిటైల్‌కోలిన్. అది నాడి కొసనుండి వెలువడి కండరాన్ని కదిలిస్తుంది. పని ముగిసిన వెంటనే అది తొలగిపోవాలి. ఈ ఎంజైములోని ఒక్కొక్క అణువు సెకనుకు వేల ఎసిటైల్‌కోలిన్ అణువులను విడగొడుతుంది. విషప్రభావంతో ఎంజైము స్తంభించినచో సందేశం ఆగదు. చెమట, చొంగ ఎక్కువవుతాయి, కంటిపాపలు కుంచించుకుపోతాయి, కండరాలు అదురుతాయి, చివరకు శ్వాస ఆగిపోవచ్చు.

కంటికి కనిపించని ఈ ఎంజైమును అది చేసే పనిని బట్టి గుర్తించవలసి ఉంటుంది. 1949లో జార్జ్ కోయెల్, జోనాస్ ఫ్రీడెన్‌వాల్డ్ అనే శాస్త్రజ్ఞులు ఎసిటైల్‌కోలిన్‌ను పోలిన ఎసిటైల్‌థయోకోలిన్‌ను కణజాలపు పలుచని పొరలపై ప్రయోగించారు. ఎంజైము దానిని విడగొట్టగా వెలువడిన థయోకోలిన్ రాగితో కలిసి అక్కడే అవక్షేపంగా నిలిచింది. సల్ఫైడుతో చర్య జరపగా అది గోధుమరంగుకు మారింది. రంగు తేలిన చోటే ఎంజైము ఉన్న చోటు. ఈ పద్ధతితోనే కోయెల్ 1954లో ఎలుక కేంద్ర నాడీవ్యవస్థలో ఎంజైము విస్తరించిన తీరును వివరించారు.

1961లో జార్జ్ ఎల్‌మన్ బృందం థయోకోలిన్‌తో పసుపురంగు పుట్టించే పరీక్షను రూపొందించింది. ఆ రంగు ఎంత వేగంగా చిక్కబడితే ఎంజైము అంత చురుకుగా ఉన్నట్లు. ఎర్ర రక్తకణాలలోనూ ఇదే ఎంజైము ఉన్నందున కొద్దిపాటి రక్తంతోనే దాని స్థితిని అంచనా వేయవచ్చు.

అయితే ఎంజైము సహజస్థాయి మనిషికీ మనిషికీ మారుతుంది. అందుచేత పిచికారీ కాలానికి ముందే ఒకసారి కొలిచి, తరువాతి ఫలితాలను దానితో పోల్చాలి. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 1974 నుండి ఈ పద్ధతిని అమలు చేస్తున్నది. స్థాయి బాగా పడిపోయిన కార్మికుని, అది కోలుకొనే వరకు మందుల పనికి దూరంగా ఉంచుతారు. పత్తి చేలలో శ్రమించే వారికి కూడా ఇట్టి ముందస్తు పరీక్ష లభించినచో, ఊపిరి తడబడక మునుపే ప్రమాదాన్ని పసిగట్టవచ్చు.