చలానాకు సమాధానం

పాఠ్యభాగ ఉద్దేశం: వాహన రిజిస్ట్రేషన్ గడువు ముగిసిందని చలానా వచ్చినప్పుడు పౌరునికి ఉండే హక్కులను, బాధ్యతలను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

చలానా అందగానే సామాన్యుడు సాధారణంగా రెండు విధాలుగా ప్రవర్తిస్తాడు. తప్పు తనది కాకపోయినా, కోర్టుల చుట్టూ తిరగడం ఎందుకని సొమ్ము కట్టి చేతులు దులుపుకుంటాడు. లేదా తప్పు తనదే అయినా ఆ కాగితాన్ని మూలన పడవేసి మరచిపోతాడు. ఈ రెండు మార్గాలూ సరైనవి కావు. చలానా తీర్పు కాదు. అది ఒక ఆరోపణ. ఆరోపణకు సమాధానం చెప్పుకునే అవకాశాన్ని చట్టం ప్రతి పౌరునికీ కల్పించింది. ఆ సమాధానం సత్యమైనదిగా, ఆధారాలతో కూడినదిగా ఉండాలి.

మనదేశంలో మోటారు వాహనాల చట్టం, 1988 అమలులో ఉంది. రిజిస్ట్రేషన్ లేని వాహనాన్ని బహిరంగ స్థలంలో నడపరాదని ఆ చట్టంలోని 39వ సెక్షన్ చెబుతుంది. 41వ సెక్షన్ ప్రకారం సొంత అవసరాలకు వాడుకునే మోటారు సైకిలు, కారు వంటి వాహనాల రిజిస్ట్రేషన్ పదిహేనేండ్లు చెల్లుతుంది. ఆ తరువాత దానిని పునరుద్ధరించుకోవాలి. గడువు ముగియడానికి అరవై రోజుల ముందు నుండే 25వ నంబరు ఫారంలో దరఖాస్తు చేసుకోవచ్చు. వాహనాన్ని తనిఖీ చేసిన పిమ్మట రవాణా శాఖ అధికారులు మరి ఐదేండ్లకు గడువు పొడిగిస్తారు. గడువు తీరినా పునరుద్ధరించని వాహనం చట్టం దృష్టిలో రిజిస్ట్రేషన్ లేని వాహనమే.

ఈ నియమం కేవలం కాగితానికి సంబంధించినది కాదు. బ్రేకులు, దీపాలు, చక్రాలు ప్రయాణానికి తగిన స్థితిలో ఉన్నాయా లేదా అన్నది పునరుద్ధరణ సమయంలో పరిశీలిస్తారు. నియమాన్ని ఉల్లంఘించిన వారికి 192వ సెక్షన్ మొదటిసారి రెండువేల నుండి ఐదువేల రూపాయల వరకు జరిమానా నిర్ణయించింది. మరల అదే తప్పు చేస్తే ఒక సంవత్సరం వరకు జైలుశిక్ష గాని, ఐదువేల నుండి పదివేల రూపాయల జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. నష్టం ఇంతటితో ఆగదు. తాత్కాలిక రిజిస్ట్రేషన్ గడువు తీరిన ఒక వాహనం ప్రమాదానికి గురైనప్పుడు, దాని నష్టానికి బీమా సంస్థ పరిహారం చెల్లించనవసరం లేదని 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

న్యాయవిచారణలో సమాధానానికి గల స్థానాన్ని మన పూర్వులు గుర్తించారు. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు ‘మితాక్షర’ అనే వ్యాఖ్యానం రచించాడు. దానిని అనుసరించి పదమూడవ శతాబ్దంలో కేతన తెలుగులో ‘విజ్ఞానేశ్వరీయము’ రచించాడు. ఈ సంప్రదాయం ప్రకారం వ్యవహారానికి, అనగా వ్యాజ్యానికి, నాలుగు పాదాలున్నాయి. అవి భాష, ఉత్తరం, క్రియ, సాధ్యసిద్ధి. నేటి మాటలలో వీటిని ఫిర్యాదు, సమాధానం, సాక్ష్యం, తీర్పు అనవచ్చు. ఫిర్యాదుకూ తీర్పుకూ నడుమ సమాధానం, సాక్ష్యం ఉన్నాయని గమనించాలి. ఆనాటి ధర్మశాస్త్రాలు మనుషులందరినీ సమానంగా చూడలేదు. నేటి చట్టాలు వాటి నుండి పుట్టినవీ కావు. అయినా సమాధానాలను వారు విభజించిన తీరు నేటి చలానాకు కూడా చక్కగా వర్తిస్తుంది. సత్యం, మిథ్య, ప్రత్యవస్కందనం, ప్రాఙ్న్యాయం అని సమాధానాలు నాలుగు విధాలు.

మొదటిది సత్యం. ఆరోపణ నిజమని ఒప్పుకోవడమే ఈ సమాధానం. గడువు ముగిసిన మాట వాస్తవమైతే వాదించి ప్రయోజనం లేదు. ఇటువంటి నేరాన్ని నిర్ణీత రుసుముతో రాజీ చేసుకోవడానికి 200వ సెక్షన్ వీలు కల్పిస్తుంది. అయితే సొమ్ము కట్టినంత మాత్రాన వాహనానికి రిజిస్ట్రేషన్ రాదు. పునరుద్ధరణ జరిగే వరకు దానిని రోడ్డు మీదికి తేరాదు. చలానా వచ్చిన తరువాత పునరుద్ధరించుకున్నంత మాత్రాన ఆనాటి తప్పు మాసిపోదు. కాని తప్పు దిద్దుకున్నామని చూపి శిక్షలో ఉదారతను కోరడానికి అది ఉపకరిస్తుంది.

రెండవది మిథ్య. ఆరోపణ నిజం కాదని నిరాకరించడాన్ని మిథ్య అంటారు. రిజిస్ట్రేషన్ అప్పటికే పునరుద్ధరింపబడి ఉండవచ్చు. నంబరులో ఒక అక్షరాన్ని పొరపాటుగా చదివి ఉండవచ్చు. తెలంగాణలో 2014 నుండి ‘టి.ఎస్.’ అక్షరాలతోను, 2024 మార్చి నుండి ‘టి.జి.’ అక్షరాలతోను కొత్త వాహనాలకు నంబర్లు ఇచ్చారు. ‘ఏ.పి.’ అక్షరాలు గల పాత వాహనాలు కూడా ఉన్నాయి. కనుక చలానాలోని నంబరును అక్షరం అక్షరం సరిచూసుకోవాలి. కరోనా కాలంలో మరొక సమస్య ఎదురైంది. 2020 ఫిబ్రవరి 1 తరువాత గడువు తీరిన వాహన పత్రాలను 2021 అక్టోబరు 31 వరకు చెల్లేవిగా పరిగణించాలని కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ విడతలవారీగా సూచించింది. పత్రం మీది తేదీ దాటినా అది చెల్లుతుందని వాదించడానికి ఆనాడు ఈ ఉత్తర్వులే ఆధారం.

పాత బండి అమ్మినవారి విషయం ఇంకొకటి. ఒక రైతు తన మోటారు సైకిలును పొరుగూరి వానికి అమ్మి, యాజమాన్య బదిలీ చేయించలేదని అనుకుందాం. కొన్నేండ్లకు కొన్నవాని తప్పుకు రైతు పేరున చలానా వస్తుంది. బండి తన చేతిలో లేదని రైతు చెప్పేది నిజమే. కాని రవాణా శాఖ రికార్డులో యజమాని అతడే. అమ్మిన వ్యక్తి రాష్ట్రంలోనే అయితే పదునాలుగు రోజులలో ఆ సంగతి తెలియజేయాలని 50వ సెక్షన్ చెబుతుంది. ఆ ఒక్క పని చేయకపోవడం వలన నిజం చెప్పేవాడు కూడా రుజువు కోసం వెదుకులాడవలసి వస్తుంది.

మూడవది ప్రత్యవస్కందనం. జరిగిన పనిని ఒప్పుకుంటూనే, అది నేరం కాకపోవడానికి తగిన కారణం చూపడం ఇందులోని విశేషం. రోగినో క్షతగాత్రునో ఆసుపత్రికి చేర్చడానికి, ఆపదలో ఉన్నవారికి ఆహారం, మందులు అందించడానికి వాహనాన్ని అత్యవసరంగా వాడితే 192వ సెక్షన్‌లోని శిక్ష వర్తించదు. కాని వాడిన నాటి నుండి ఏడు రోజులలో ఆ విషయాన్ని ప్రాంతీయ రవాణా ప్రాధికార సంస్థకు తెలియజేయాలి. మానవత్వానికి చట్టం ఇచ్చిన ఈ మినహాయింపు అనేకులకు తెలియదు.

నాలుగవది ప్రాఙ్న్యాయం. ఇదే వివాదం లోగడ తీర్పు పొందినదని చూపడమే ప్రాఙ్న్యాయం. ఒకే నేరానికి ఒకరిని రెండుసార్లు విచారించి శిక్షించరాదని రాజ్యాంగంలోని 20వ అధికరణం చెబుతుంది. ఆ తప్పుకు సంబంధించిన కేసు పూర్వమే పరిష్కారమైతే ఆ రసీదు లేదా ఉత్తర్వు చూపాలి. అయితే మరొకనాడు మరల అదే వాహనం నడిపితే అది వేరొక నేరమవుతుంది.

సమాధానం ఏదైనా దానికి సాక్ష్యం కావాలి. చలానాలోని తేదీ, సమయం, స్థలం, సెక్షన్, ఛాయాచిత్రం ఉంటే అదీ జాగ్రత్తగా పరిశీలించాలి. రిజిస్ట్రేషన్ పత్రాన్ని ఎలక్ట్రానిక్ రూపంలో చూపినా చెల్లుతుందని 2018లో నియమాలను సవరించారు. తనిఖీ వేళ పత్రం దగ్గర లేకపోతే, ధ్రువీకరించిన నకలును పదిహేను రోజులలో ఆ అధికారికి అందజేయవచ్చు. అభ్యంతరాన్ని చలానాలో సూచించిన గడువులోనే లిఖితపూర్వకంగా తెలియజేసి, దాని నకలును భద్రపరచుకోవాలి. అక్కడ పరిష్కారం కాకపోతే మేజిస్ట్రేటు ఎదుట వాదన వినిపించవచ్చు. స్వయంగా రాలేనివారు న్యాయవాది ద్వారా హాజరయ్యేందుకు 208వ సెక్షన్ అవకాశమిస్తుంది. మహిళలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, వికలాంగులు మొదలైనవారికి న్యాయసేవాధికార సంస్థలు ఉచితంగా న్యాయసహాయం అందిస్తాయి. లోక్ అదాలత్ రాజీకి తగిన వేదిక. తాను నిర్దోషినని నిరూపించుకోదలచినవాడు మాత్రం న్యాయస్థానాన్నే ఆశ్రయించాలి.

రెండువేల రూపాయలు కొందరికి చిన్న మొత్తం. దినసరి కూలికి అది కొన్ని రోజుల కష్టార్జితం. చేయని తప్పుకు దానిని చెల్లించనక్కర లేదు. చేసిన తప్పును దాచుకోవడం కూడా తగదు. సమాధానం చెప్పే హక్కును తెలుసుకున్నవాడు, సమాధానం అవసరం లేకుండా తన పత్రాలను సకాలంలో సరిచేసుకోవడం కూడా నేర్చుకోవాలి.

కఠిన పదాలకు అర్థాలు
వ్యాజ్యం = న్యాయస్థానంలోని వివాదం
పునరుద్ధరణ = గడువు తీరినదానిని తిరిగి చెల్లేటట్లు చేయడం
క్షతగాత్రుడు = గాయపడినవాడు
అధికరణం = రాజ్యాంగంలోని విభాగం

ప్రశ్నలు
1. చలానా తీర్పు కాదు, ఆరోపణ మాత్రమే అన్న మాటను వివరించండి.
2. నాలుగు విధాలైన సమాధానాలను ఉదాహరణలతో తెలపండి.
3. వాహనం అమ్మినవారు యాజమాన్య బదిలీని నిర్లక్ష్యం చేస్తే కలిగే ఇబ్బంది ఏమిటి?