మాటల వరుస

దిల్‌సుఖ్‌నగర్, ఎల్. బి. నగర్ ప్రాంతములలోని కళాశాలలలో ఇంటర్మీడియట్ చదువుటకు నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు పల్లెల నుండి ప్రతి సంవత్సరము ఎందరో విద్యార్థులు వస్తారు. పదవ తరగతి వరకు తెలుగులో చదివినవారు ఇక్కడ ఒక్కసారిగా ఇంగ్లీషు మాధ్యమములో ప్రవేశిస్తారు. ఇటువంటి తరగతులకే నేను భౌతికశాస్త్రము బోధిస్తున్నాను. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక పరీక్షలో ఈ ప్రశ్న ఇచ్చాను: ‘ఫైండ్ ద టైమ్ ఆఫ్ ఫాల్ ఆఫ్ ఎ బాల్ డ్రాప్డ్ ఫ్రమ్ ఎ టవర్ ఆఫ్ 20 మీటర్స్.’ గురుత్వ త్వరణమును 10గా తీసుకొనవచ్చునని క్రింద సూచించాను. లెక్కలలో దిట్ట అయిన ఒక విద్యార్థి దీనికి ఏమీ వ్రాయక కాగితము ఖాళీగా వదిలాడు. పతన వస్తువుల పాఠము చదువలేదు కాబోలునని సున్న వేశాను.

జవాబు పత్రములు ఇచ్చే రోజున అతనిని పిలిచి ప్రశ్నను తెలుగులో చదివాను: ‘20 మీటర్ల గోపురము నుండి జారవిడిచిన బంతి పతన కాలమును...’ ‘కనుగొనుము’ అనే మాట నా నోట రాకముందే ‘రెండు సెకన్లు సార్’ అన్నాడు. సూత్రము అతనికి వచ్చును. లెక్క కూడ వచ్చును. రానిదేమో నాకు వెంటనే తోచలేదు. ఆ సున్న నిజముగా ఎవరికి చెందవలసినదో అలా ఉంచి, ఆ రెండు వాక్యములను పక్కపక్కన పెట్టి చూద్దాము.

ఇంగ్లీషు వాక్యములో వరుస ఇది: కనుగొనుము – కాలము – పతనము – బంతి – జారవిడిచిన – నుండి – గోపురము – 20 మీటర్లు. తెలుగులో: 20 మీటర్లు – గోపురము – నుండి – జారవిడిచిన – బంతి – పతనము – కాలము – కనుగొనుము. మొదటి వరుసను చివర నుండి చదివితే రెండవది వస్తుంది. అద్దములో బొమ్మవలె ఒకటి మరొకదానికి తిరగవేసిన రూపము. తెలుగు విద్యార్థి దత్తాంశమును ముందు విని, చేయవలసిన పనిని చివర వినుటకు అలవాటుపడినవాడు. ఇంగ్లీషు ప్రశ్న అతనికి పనిని ముందు చెప్పి, దేనితో చేయవలెనో చిట్టచివర చెపుతుంది. ప్రశ్న మధ్యకు వచ్చేసరికి ‘ఆఫ్’ తరువాత ‘ఆఫ్’ తగిలి దారి తప్పుతాడు. భౌతికశాస్త్రము అక్కడికి ఇంకా రానేలేదు.

ఈ తారుమారు కేవలము తెలుగు – ఇంగ్లీషుల మధ్య జరిగిన యాదృచ్ఛిక సంఘటన కాదు. కర్త, కర్మ, క్రియ అనే మూడింటిని ఆరు విధములుగా అమర్చవచ్చును. ‘రాముడు రావణుని చంపెను’ అనే వాక్యములోని మూడు మాటలను ఎటు మార్చినా తెలుగులో అర్థము చెడదు. చంపబడినవాడెవరో ‘ని’ అనే ప్రత్యయము చెపుతున్నది. ఇంగ్లీషులో ఆ పనిని మాటల స్థానమే చేయాలి. రాముని, రావణుని తారుమారు చేస్తే కథే మారిపోతుంది. అయినప్పటికి తెలుగుకు కూడ ఒక సహజమైన వరుస ఉన్నది: కర్త, కర్మ, చివర క్రియ. ప్రపంచ భాషల నిర్మాణమును పటములుగా వేసిన పండితులు దాదాపు 1,400 భాషలను ఈ దృష్టితో పరిశీలించగా, 560కి పైగా భాషలు తెలుగు వరుసలోనే ఉన్నట్లు తేలింది. ఇంగ్లీషువలె క్రియను నడుమ ఉంచేవి 490కి కొంచెము తక్కువ. అరబ్బీ సాహిత్యభాషవలె, వెల్ష్ భాషవలె క్రియతోనే మొదలుపెట్టి, తరువాత కర్తను, కర్మను చెప్పేవి 95. మిగిలిన మూడు అమరికలు చాల అరుదు. ఏ వరుసా ప్రధానము కాని భాషలు కూడ కొన్ని ఉన్నవి.

ఇంతకంటె ఆశ్చర్యకరమైన విషయమును 1963లో జోసెఫ్ గ్రీన్‌బర్గ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు ప్రకటించాడు. ఆయన 30 భాషలను తీసుకొని 45 సూత్రములు వ్రాశాడు. ఆ ముప్పదింటిలో ద్రావిడ కుటుంబము నుండి కన్నడము ఒక్కటే ఉన్నది; కాని ఆయన చెప్పినది తెలుగుకు అతికినట్లు సరిపోతుంది. క్రియ చివర వచ్చే భాషలలో ‘లో, మీద, నుండి’ వంటి మాటలు కూడ దాదాపు ఎల్లప్పుడు నామమునకు తరువాతనే వస్తాయి. క్రియ మొదట వచ్చే భాషలలో అవి నామమునకు ముందు వస్తాయి. అనగా క్రియ ఎక్కడ ఉండునో తెలిస్తే, మనము ఎన్నడూ వినని భాషలో కూడ ‘ఇంటిలో’ అని చెప్పుటకు ‘లో’ ముందుండునో వెనుకనుండునో చాలవరకు ఊహింపవచ్చును.

ఎందుకిలా? ‘బల్ల మీద పెట్టు’ అనే మాటను చూడండి. ‘మీద’, ‘పెట్టు’ పక్కపక్కన ఉన్నవి. ఇంగ్లీషులో ‘పుట్ ఆన్ ద టేబుల్’. అక్కడ కూడ ‘పుట్’, ‘ఆన్’ పక్కపక్కనే. రెండు పద్ధతులును కలిపి ‘పెట్టు బల్ల మీద’ అనే వరుసనే స్థిరము చేసుకొన్న భాషను ఊహించండి. క్రియకు, ‘మీద’కు నడుమ బల్ల అడ్డము వచ్చినది. అది ఒక్క బల్ల అయితే ఫరవాలేదు. ‘నిన్న మా అన్నయ్య కొత్తపేటలో కొన్న మూడు కాళ్ళ బల్ల’ అయితే? వినేవాడు క్రియను మనసులో పట్టుకొని అంతసేపు వేచి ఉండాలి. సంబంధము గల మాటలు దగ్గరగా ఉంటే జ్ఞాపకశక్తికి భారము తగ్గుతుంది. జాన్ హాకిన్స్ మొదలగువారు ఈ వివరణను పెంచి పెద్ద చేశారు. 2015లో 37 భాషల వాక్యములను యంత్రగణకములతో పరీక్షించినపుడు, సంబంధిత పదముల మధ్య దూరము యాదృచ్ఛికముగా అమర్చినపుడు ఉండేదానికంటె తక్కువగా ఉన్నట్లు కనబడినది. తెలుగువాడు, ఇంగ్లీషువాడు ఎదురెదురు దారులలో నడిచి ఒకే పొదుపును సాధించారన్నమాట.

భౌతికశాస్త్రము చెప్పుకొనేవానిగా ఇక్కడ ఒక హెచ్చరిక చేయవలసి ఉన్నది. ఇవి న్యూటన్ సూత్రముల వంటివి కావు. ‘రెడ్ బాల్’ అన్నా ‘ఎర్ర బంతి’ అన్నా వరుస ఒక్కటే. అద్దము ఇక్కడ పనిచేయలేదు. 1992లో మాథ్యూ డ్రయర్ 625 భాషలను పరిశీలించి, విశేషణము స్థానమునకు క్రియ స్థానముతో సంబంధము లేదని చూపాడు. పారసీ భాష మరింత మొండిది. క్రియను తెలుగువలె చివరనే ఉంచుతుంది, కాని ‘లో’ అనే అర్థము గల ‘దర్’ను మాత్రము నామమునకు ముందే పెడుతుంది.

నగరములో తిరిగేవారికి ఈ భేదములు పేర్లలోనే కనబడతాయి. దిల్‌సుఖ్‌నగర్, సరూర్‌నగర్, లాల్ బహదూర్ నగర్ – వీటన్నిటిలో ‘నగర్’ చివర ఉన్నది. ఏ నగరమో ముందు చెప్పి తరువాత నగరమన్నారు. ఇక్కడి నుండి బస్సెక్కి మూసీ దాటకుండా పాతబస్తీ వైపు వెళితే దారుల్‌షిఫా వస్తుంది. ఖుతుబ్‌షాహీల కాలములో కట్టిన వైద్యశాల వలన వచ్చిన పేరు అది. ‘దార్’ అంటే ఇల్లు, ‘షిఫా’ అంటే స్వస్థత. అరబ్బీ పద్ధతిలో ఇల్లు ముందు వచ్చి, ఏ ఇల్లో తరువాత వచ్చినది. మనమైతే ‘స్వస్థతాలయము’ అంటాము.

ఇంతవరకు వేరువేరు భాషలు వేరువేరు వరుసలలో ఉండుట చూశాము. రెండు భాషలవారు కొన్ని వందల సంవత్సరములు ఒకే వీధిలో కాపురముంటే ఏమి జరుగుతుంది? దీనికి హైదరాబాదు కంటె మంచి ప్రయోగశాల దొరకదు. 14వ శతాబ్దములో ఢిల్లీ సైన్యములతో, ముఖ్యముగా 1327లో మహమ్మద్ బిన్ తుగ్లక్ రాజధానిని దౌలతాబాదుకు మార్చినపుడు, ఉత్తరాది భాష దక్కనుకు దిగివచ్చినది. బహమనీల, ఖుతుబ్‌షాహీల రాజ్యములలో అది దక్కనీగా ఎదిగింది. 1591లో ఈ నగరమును స్థాపించిన మహమ్మద్ కులీ ఖుతుబ్‌షా స్వయముగా దక్కనీ కవి.

ఆ సాంగత్యము వలన తెలుగు ఏమి తీసుకొన్నదో అందరికి తెలుసు: జవాబు, ఖర్చు, హాజరు, జేబు, దర్వాజా, దవాఖానా. అన్నియు మాటలే. అవి తెలుగులోకి వచ్చి తెలుగు విభక్తులు తగిలించుకొని బుద్ధిగా కూర్చున్నవి. ‘జేబులో’ అన్నాము గాని ‘లో జేబు’ అనలేదు. దక్కనీ తీసుకొన్నది మాత్రము కంటికి కనబడదు. ‘వాడు రేపు వస్తానని అన్నాడు’ అనే వాక్యమును చూద్దాము. ఉత్తరాది ఉర్దూలో ‘ఉస్‌నే కహా కి మైఁ కల్ ఆఊఁగా’ అంటారు. ‘కహా’ అంటే అన్నాడు. తరువాత పారసీ నుండి వచ్చిన ‘కి’. ఆ తరువాత అన్న మాట. మన పాతబస్తీలో వినబడేది ఇది: ‘ఉనో కల్ ఆతూఁ బోల్కే బోలా.’ వాడు – రేపు – వస్తాను – అని – అన్నాడు. ఒక్క మాట కూడ తెలుగుది కాదు. వరుస అంతా తెలుగుదే.

‘బోల్కే’ అనే మాటను విప్పి చూస్తే విషయము ఇంకా స్పష్టమవుతుంది. తెలుగు ‘అని’ అనేది ‘అను’ ధాతువునకు క్త్వార్థక రూపము – ‘తిని, విని’ వంటిది. ‘బోల్’ అనగా అను; ‘కే’ అనగా క్త్వార్థక ప్రత్యయము. కాబట్టి ‘బోల్కే’ అంటే అక్షరాల ‘అని’. అర్థముతోపాటు తెలుగు ‘అని’ చేసే ఇతర పనులు కూడ దానికి సంక్రమించినవి. కారణము చెప్పుటకు: ‘వాన వస్తున్నదని రాలేదు’ – ‘బారిష్ ఆరీ బోల్కే నై ఆయా.’ పేరు చెప్పుటకు: ‘సలీమ్ అని ఒక పిల్లవాడు’ – ‘సలీమ్ బోల్కే ఏక్ లడ్కా.’ ధాతుజ విశేషణమునకు కూడ ఇదే గతి పట్టినది. ‘మీరు చెప్పిన మాట’ అనుటకు ఉత్తరాదివారు ‘జో బాత్ ఆప్‌నే కహీ’ అని ‘ఏ మాట మీరు చెప్పితిరో’ అనే పద్ధతి వాడతారు. హైదరాబాదులో ‘ఆప్ బోలే సో బాత్’: చెప్పిన అనునది ముందు, మాట తరువాత. పై ఉదాహరణలో ఉన్న ‘ఉస్‌నే’, ‘ఆప్‌నే’లలోని ‘నే’ కూడ ఇక్కడ రాలిపోయినది. తెలుగులో దానికి జోడు లేదు.

కీర్తి అంతా తెలుగుకే కట్టబెట్టుట న్యాయము కాదు. మరాఠీలో ‘మ్హణూన్’, కన్నడములో ‘ఎందు’ ఇదే పని చేస్తాయి. దక్కనీ ఈ మూడింటి నడుమ పెరిగినది. 1956లో ఎమెనో అనే పండితుడు భారతదేశమంతా ఒక భాషా ప్రాంతమని, వేరు కుటుంబముల భాషలు ఇక్కడ కలిసి జీవించి ఒకదాని పోకడలను మరొకటి గ్రహించినవని వ్రాశాడు. దక్కనీ విషయములో హర్బీర్ అరోరా, కారుమూరి వెంకట సుబ్బారావు మొదలగువారు వివరమైన పరిశోధన చేశారు.

ఇటువంటి ‘అని’ దక్కనులోనే పుట్టనక్కరలేదు కూడ. తుర్కీ భాష తెలుగునకు చుట్టము కాదు, పొరుగు కాదు. కాని అక్కడ కూడ క్రియ చివరనే. వారు ‘అను’ అనే అర్థము గల ధాతువు నుండి ‘దియె’ అనే మాటను చేసుకొని, అన్న మాటకు తరువాత ఉంచుతారు. ‘అలీ దియె బిరీ’ అంటే ‘అలీ అని ఒకడు’. ‘అని’ వెంటనే ‘అన్నాడు’ వచ్చుట, ‘మీద’ వెంటనే ‘పెట్టు’ వచ్చుట ఒకే పొదుపునకు చెందినవి.

మా కళాశాలలో దక్కనీ ఇంటిభాషగా గల పిల్లలు కూడ ఉన్నారు. ‘బోల్కే’ అన్నందుకు పాఠశాలలో ‘నీది ఉర్దూయే కాదు’ అని చీవాట్లు తిన్నామని వారిలో కొందరు నాతో చెప్పారు. పరీక్షలో వ్రాయవలసిన ఉర్దూ వేరని చెప్పుట అవసరమే. కాని ఆరువందల సంవత్సరములుగా నియమము తప్పక నడుస్తున్న వ్యాకరణమును తప్పు అనుట, నేను వేసిన సున్న వంటిదే.

ఇప్పుడు నేను ప్రశ్నపత్రములను చదివించే పద్ధతి మార్చాను. ఇంగ్లీషు ప్రశ్నలో క్రియను గుర్తించి గీత గీయమంటాను. తరువాత చివర నుండి ఒక్కొక్క ‘ఆఫ్’, ‘ఫ్రమ్’ దగ్గర ఆగుతూ వెనుకకు రమ్మంటాను. ‘20 మీటర్స్’ దగ్గర మొదలుపెట్టినవాడు ‘ఫైండ్’ దగ్గరకు చేరేసరికి తెలుగు ప్రశ్న తయారవుతుంది. ‘ఎర్ర బంతి’ వంటి చోట్ల మాత్రము తిరగవేయవద్దని ముందుగానే చెప్పాలి. లేకపోతే బంతి ఎర్రన అవుతుంది.

తరగతిలో ఈ సంగతులు ముచ్చటిస్తుండగా ఒక విద్యార్థిని ఇంకొక జంటను పట్టి ఇచ్చినది. తెలుగు ‘ఎందుకంటే’ అనేది ‘ఎందుకు’ మీద ‘అను’ ధాతువు చేదర్థకము చేరి ఏర్పడినది. వాళ్ళ ఇంటిలో అమ్మమ్మ ‘కాయ్‌కూ బోలేతో’ అంటుందట: కాయ్‌కూ, ఎందుకు, బోలేతో, అంటే. ఆ అమ్మాయి మాత్రము నాతో మాట్లాడునపుడు టెలివిజన్‌లో విన్నట్లు ‘క్యోఁకి’ అని, పక్కనున్న స్నేహితురాలి వైపు తిరగగానే ‘కాయ్‌కూ బోలేతో’ అన్నది.