పవర్ స్టీరింగ్ పైపు తుప్పు పట్టిందా? అతుకు వద్దు, మార్చేయండి

మన సూళ్లూరుపేటలో పాత పికప్ నడిపే ఒకన్న బండి తెచ్చి చూపించాడు. "స్టీరింగ్ తిప్పితే కుయ్యిమని అరుస్తా ఉంది తమ్ముడూ, పొద్దున్నే చూస్తే కింద ఎర్రగా ఆయిల్ మరకలు" అన్నాడు. బానెట్ ఎత్తి టార్చ్ వేస్తే తెలిసిపోయింది. పంపు నుంచి స్టీరింగ్ బాక్స్‌కి వెళ్లే పైపు తుప్పుతో పొరలు పొరలుగా లేచిపోయుంది. తెలిసినాయన ఎవరో "తుప్పు ముక్క కోసేసి, రబ్బరు ట్యూబు పెట్టి క్లిప్పులు బిగించు, తక్కువలో అయిపోతుంది" అన్నాడంట. ఆ అతుకు గురించే ఈ ఎపిసోడ్.

ఆ పంపు ఇంజన్ బెల్టుతో తిరుగుతుంది. దాన్నుంచి రెండు పైపులు వస్తాయి. ఒకటి ప్రెషర్ పైపు, ఇంకోటి ఆయిల్ వెనక్కి వచ్చే రిటర్న్ పైపు. రిటర్న్‌లో ప్రెషర్ చాలా తక్కువ, దానికి కొత్త రబ్బరు, క్లిప్పు సరిపోతాయి. ప్రెషర్ పైపు కథ వేరు. బండి నిలబెట్టి స్టీరింగ్ చివరిదాకా తిప్పామనుకోండి, అందులో ప్రెషర్ వెయ్యి పీఎస్ఐ దాటిపోవచ్చు. కారు టైరులో మనం కొట్టించేది 33 పీఎస్ఐ. అంటే ముప్పై రెట్లు! అక్కడ క్లిప్పు నిలవదు. ఊడితే ఆయిల్ వేడి సైలెన్సర్ పైపు మీద పడుతుంది, అది అంటుకునే సరుకు. స్టీరింగ్ పూర్తిగా పోదు, కానీ రాయిలా బరువెక్కుతుంది. లోడుతో చెన్నై హైవే ఎక్కినప్పుడు అలా అయితే ఊహించుకోండి.

మన దగ్గర ఈ తుప్పు ఎందుకు ఎక్కువ? పక్కనే పులికాట్. శ్రీహరికోట రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది. ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది, ఉప్పునీళ్లలో ఇనుము ఇంకా త్వరగా తుప్పు పడుతుంది. పైపు బయట బాగానే కనిపిస్తుంది. క్లిప్పు పట్టుకున్న చోట, రబ్బరు వచ్చి ఇనుములో కలిసే చోట నీళ్లు నిలిచి లోపల్లోపల తినేస్తుంది. చూడాల్సింది అక్కడే.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నా. ఇంజన్ ఆన్‌లో ఉండగా లీకు ఎక్కడా అని వేలు పెట్టి తడమొద్దు. సన్న రంధ్రంలోంచి వచ్చే ఆయిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి సూది గుచ్చినట్టే ఉంటుంది, కానీ ఆపరేషన్ దాకా వెళ్లే గాయం అది. అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. గుచ్చుకుంటే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి పోండి.

ఇక మార్చే పని. కొత్త పైపు ఛాసిస్ నంబర్ చెప్పి అడగండి, ఒకే మోడల్లో కూడా రెండు మూడు రకాలుంటాయి. దొరక్కపోతే జేసీబీలకు హోస్ పైపులు మెషిన్‌లో నొక్కి ఇచ్చే షాపులుంటాయి. పాత పైపు తీసుకెళ్లి, ప్రెషర్ రేటింగ్, వేడికి, ఈ ఆయిల్‌కి తట్టుకుంటుందా అని అడిగి చేయించుకోండి. ఇది అతుకు కాదు, సరైన పనే.

ముందురోజు రాత్రే నట్ల మీద తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేయండి. మామూలు పానా వేసి బలంగా లాగితే నట్టు అంచులు గుండ్రంగా అరిగిపోతాయి. పైపు నట్లకని చుట్టూ పట్టే ఫ్లేర్ నట్ పానా ఉంటుంది, అది వాడండి. ఇంజన్ చల్లారాక వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, ముందు భాగం జాకీతో లేపి స్టాండ్ల మీద నిలపండి. జాకీని నమ్ముకొని కిందికి దూరొద్దు. డబ్బాలో ఆయిల్ సిరంజితో లాగేసి, పైపు విప్పండి. బోల్టుకు రెండు పక్కలా రాగి వాషర్లుంటే కొత్తవే వేయాలి. వాటికి పెద్ద ఖర్చు కాదు, పాతవే వేస్తే మళ్లీ కారుతుంది. కొత్తది ముందు చేత్తో తిప్పి, మరలు సరిగ్గా పట్టాకే పానా వేయండి. పాత దారిలోనే పోనిచ్చి క్లిప్పులన్నీ పెట్టండి.

ఆయిల్ ఏదో మూత మీదో, మాన్యువల్‌లోనో ఉంటుంది. బ్రేక్ ఆయిల్ మాత్రం పోయొద్దు, సీళ్లు ఉబ్బి పాడైపోతాయి. పోశాక వెంటనే సెల్ఫ్ కొట్టకండి. ఇంజన్ ఆఫ్‌లోనే స్టీరింగ్ ఇటు చివర నుంచి అటు చివరికి 15, 20 సార్లు మెల్లగా తిప్పండి. గాలి బుడగలు వస్తాయి, లెవెల్ తగ్గుతుంది, పోస్తూ ఉండండి. తర్వాత స్టార్ట్ చేసి మళ్లీ మెల్లగా. చివర్లో పట్టి 5 సెకన్లకు మించి ఉంచొద్దు, పంపు వేడెక్కిపోతుంది. ఆయిల్ నురగగా ఉంటే ఇంకా గాలి ఉన్నట్టే, ఆపి కాసేపాగి మళ్లీ చేయండి.

పాత ఆయిల్ కాలువలో పారబోయకండి, అది కాళంగిలోకే పోతుంది. డబ్బాలో పట్టి, వాడిన ఆయిల్ తీసుకునే షెడ్డులో ఇచ్చేయండి. రెండ్రోజులు బండి తిప్పాక మళ్లీ బానెట్ ఎత్తి, జాయింట్ల దగ్గర పొడి గుడ్డతో తుడిచి చూడండి.