పూసల బ్రోచి: పనిలో వచ్చు చిక్కులు, వానిని తీర్చు విధము

గ్రామములందలి స్త్రీలు ఇంటిపట్టున చేసికొనదగిన పనులలో పూసల కుట్టుపని యొకటి. దీనికి యంత్రము అక్కరలేదు. సూది, దారము, పూసలు, గట్టి గుడ్డముక్క ఉన్నచో పని మొదలుపెట్టవచ్చును. చీర పైటను భుజముమీద నిలుపుటకు పెట్టుకొను బ్రోచి నేర్చుకొనువారికి మిక్కిలి అనువైన వస్తువు. అది చిన్నది కావున రవికెమీది పనికంటె త్వరగా పూర్తియగును.

అయినను నాలుగైదు బ్రోచీలు చేసి విసిగి మానివేయువారు కలరు. పూసలు రాలుట, గుడ్డ ముడుతలు పడుట, అంచు విడిపోవుట, పెట్టుకొన్న బ్రోచి ముందునకు వాలుట ఇందులకు కారణములు. లెక్కన కూలి ముట్టు చోట వర్తకుడు తిప్పిపంపిన ప్రతి బ్రోచి మీది శ్రమయు చేసిన స్త్రీకే నష్టము. ఈ చిక్కులలో ప్రతిదానికి ఒక కారణము, ఒక సవరణ కలవు. వానిని వివరించి, పిమ్మట పంచాయతీ చేయదగిన సాయమును సూచింతుము.

పూసలను ఏరుట

పూసల కొలతను నంబరుతో చెప్పుదురు. నంబరు పెరిగినకొలది పూస చిన్నదగును. బ్రోచీలకు సామాన్యముగా వాడు 11 నంబరు పూస వెడల్పు సుమారు 2 మిల్లీమీటర్లు. 8 నంబరుది సుమారు 3 మిల్లీమీటర్లు. 4 సెంటీమీటర్ల అడ్డుకొలతగల గుండ్రని బ్రోచిని 11 నంబరు పూసలతో నింపుటకు సుమారు 400 పూసలు పట్టును. వీనిలో లావువి, సన్ననివి కలిసినచో వరుసలు వంకర పోవును.

తిరుపతి జిల్లాలోని పాపానాయుడుపేట గాజుపూసలకు పేరుపడిన గ్రామము. కరగిన గాజును బోలు ఇనుపకడ్డీ సాయముతో సన్నని గొట్టముగా సాగదీసి, దానిని చిన్న ముక్కలుగా కోసి, ఆ ముక్కలను బూడిదతో కలిపి మరల కాల్చి అంచులు నునుపు చేయుట అచ్చటి పాత పద్ధతి. ఇట్లు చేతితో చేసిన పూసలలో కొలతలు కొంత తేడాగా ఉండుట సహజము. కావున పని మొదలుపెట్టుటకు ముందే పూసలను తెల్లని పళ్లెములో పోసి ఏరవలెను. మరీ లావువానిని, మరీ సన్నవానిని పారవేయక వేరుగా ఉంచినచో వంపుల వద్ద సందులు పూరించుటకు పనికివచ్చును.

కొన్ని పూసలకు రంగు పైపూతగా మాత్రమే ఉండును. అది చెమటకు కారి చీరను పాడుచేయును. కొన్ని పూసలను గోరువెచ్చని సబ్బునీటిలో ఒక రాత్రి నానబెట్టి తెల్లగుడ్డమీద రుద్ది చూడవలెను. మరికొన్నింటిని కొన్నాళ్లు ఎండలో ఉంచి, దాచిన పూసలతో పోల్చవలెను. పరీక్షకు నిలిచిన రంగునే ఎక్కువగా కొనవలెను.

దారము తెగుట

పూసలు రాలుటకు ముఖ్యకారణము దారము తెగుట. నూలుదారము పూసల రాపిడికి త్వరగా అరుగును. నైలాను లేక పాలియెస్టరు దారము మేలు. దానిని బారెడుకంటె పొడవుగా తీయరాదు, తీసినచో చిక్కుపడును. తేనెమైనము రాసినచో పోగులు విడవు. అంచు నునుపులేని పూస దారమును కోయును, అట్టిదానిని ఏరివేయవలెను. గొట్టపు పూసల కొనలు పదునుగా ఉండును కావున ప్రతి గొట్టమునకు రెండు కొనల వద్ద ఒక్కొక్క గుండ్రని పూస ఉంచవలెను. సూదులలోను నంబరు పెరిగినకొలది సన్ననగును. ఈ పనికి 10 లేక 12 నంబరు సూది తగును. సూది దూరని పూసను బలవంతము చేయరాదు, పూస పగులును.

కుట్టు వేయు విధము

సూదిని గుడ్డ కిందినుండి పైకి తీసి, మూడు పూసలు ఎక్కించి, వానిని గీతమీద పరుండబెట్టి, మూడవ పూస చివర కిందికి దింపవలెను. పిమ్మట రెండవ, మూడవ పూసల నడుమ సూదిని పైకి తీసి, మూడవ పూసలోనుండి మరల దూర్చి, కొత్తగా మూడు పూసలు ఎక్కించవలెను. ఈ వెనుక కుట్టువలన వరుస కదలక నిలుచును. నాలుగైదు కుట్లకు ఒకసారి గుడ్డ వెనుక చిన్న ముడి వేసినచో, ఒకచోట దారము తెగినను పక్క పూసలు రాలవు.

గుడ్డ మెత్తనిదైనను, దారము అతిగా లాగినను ముడుతలు పడును. గట్టి ఫెల్టుగుడ్డను గాని, బక్రము వేసిన గుడ్డను గాని వాడి, దారమును పూసలు కదలనంతమట్టుకే బిగింపవలెను. సూదిని దింపుచోటు మూడు పూసల పొడవునకు తక్కువైనచో నడిమి పూస పైకి లేచును. ఎక్కువైనచో దారము బయటపడును.

అంచు, పిన్ను

కుట్టుపని ముగిసిన తరువాతనే చుట్టు 1 లేక 2 మిల్లీమీటర్లు విడిచి గుడ్డను కత్తిరింపవలెను. అప్పుడు వెనుకవైపు చూచుచు కత్తిరించినచో కుట్లు తెగవు. వెనుక వేయు తోలుముక్కకు గాని రెక్సిన్ ముక్కకు గాని రెండు గాట్లు పెట్టి పిన్నును అమర్చవలెను. పిన్ను నడుమ ఉన్నచో బ్రోచి ముందునకు వాలును. పైనుండి మూడవ వంతులో ఉన్నచో నిలిచియుండును. తుప్పుపట్టని ఉక్కుపిన్నునే వాడవలెను. జిగురును అంచువరకు పూయరాదు, సూది ఆడదు. చివరకు రెండు పొరలను కలిపి అంచున ఒక్కొక్క పూస చొప్పున కుట్టుకొని రావలెను.

పంచాయతీ చేయదగిన పని

పైవన్నియు చేయువారి చేతిలోనివి. వారికి ఒంటరిగా సాధ్యముకానివి కొన్ని కలవు. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులోని 29 విషయములలో ఖాదీ, గ్రామ, కుటీర పరిశ్రమలును, స్త్రీ, శిశు అభివృద్ధియు ఉన్నవి. కావున ఈ పని పంచాయతీల పరిధికి వెలుపలిది కాదు.

మొదటిది వెలుతురు. మసక చీకటిలో ఈ పని చేసినచో కన్నులు అలయును, కుట్లు తప్పును. పంచాయతీ భవనమునందు గాని, మరియొక సామూహిక కట్టడమునందు గాని పగటి వెలుతురు బాగుగా వచ్చు గదిని కొన్ని గంటలు స్త్రీల సంఘమునకు ఈయవచ్చును. దగ్గరిచూపు తగ్గినవారిని కంటి పరీక్షకు పంపవలెను. బడియీడు పిల్లలను ఈ పనికి కూర్చుండబెట్టరాదు.

రెండవది కొనుగోలు. ఒక్కొక్కరు కొద్దికొద్దిగా కొన్నచో ధరయు ఎక్కువ, రంగులును కలియవు. సంఘము మొత్తముగా కొని పంచుకొన్నచో ఒక్క రంగు, ఒక్క కొలత అందరికి లభించును.

మూడవది ఒప్పందము. ఎట్టి దోషమున్న బ్రోచిని తిప్పిపంపవచ్చునో, కూలి ఎప్పుడు ముట్టవలెనో వర్తకునితో ముందుగానే వ్రాసికొనవలెను. ఇరుపక్షములు ఒప్పుకొన్న మాదిరి బ్రోచి ఒకటి సంఘము వద్ద, ఒకటి వర్తకుని వద్ద ఉండవలెను. చదువురాని స్త్రీలకు ఆ కాగితమును చదివి వినిపించు బాధ్యతను పంచాయతీ సభ్యులలో ఒకరు తీసికొనుట మంచిది. తగాదా వచ్చినప్పుడు మాటకు మాట కాక, మాదిరియే సాక్ష్యమగును.

పని నేర్పువారు దొరకినను ఈ మూడు సదుపాయములు లేనిచోట శ్రమకు తగిన ఫలము దక్కదు. రాబోవు పంచాయతీ సమావేశమున తమ గ్రామములోని కుట్టుపని స్త్రీలను పిలిపించి, వారికి వీనిలో ఏది కొరవడినదో సభ్యులు అడిగి తెలిసికొందురని ఆశించుచున్నాము.