ఇరవై కౌంటు తుపాకీ

మా నాన్నకి భీమవరం దగ్గర రొయ్యల చెరువు ఉండేది. ముప్పై కౌంటుకి ధర ఎక్కువ, వంద కౌంటుకి తక్కువ ఎందుకో చిన్నప్పుడు నాకు అంతుపట్టేది కాదు. కిలోకి ఎన్ని తూగితే అంత కౌంటు, అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది అని చెరువు గట్టు మీదే నేర్చుకున్నాను. ఆ లెక్క ఒహాయోలో జింక వేటకి తుపాకీ కొనేటప్పుడు అక్కరకొచ్చింది.

షాట్‌గన్ గేజ్ అచ్చం రొయ్యల కౌంటే. గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు పౌనుకి, అంటే 454 గ్రాములకి, పన్నెండు తూగితే అది 12 గేజ్. మన వైపు పన్నెండు బోరు అనేది దీన్నే. ఇరవై తూగితే 20 గేజ్. మొదటిదాని గొట్టం లోపలి వెడల్పు సుమారు 18.5 మిల్లీమీటర్లు, రెండోదానిది 15.6. ఫోర్ టెన్ అనేదొక్కటే ఈ లెక్కకి లొంగదు. అది గేజ్ కాదు, గొట్టం వెడల్పు 0.410 అంగుళాలని చెప్పడం.

మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక జింక జోలికెళ్తే జైలే. ఇక్కడ తెల్లతోక జింకకి సీజను, లైసెన్సు, దానికి ముందు వేట పాఠాలు, పరీక్ష ఉంటాయి. పరాయి పొలంలోకి వెళ్లాలంటే యజమాని రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. హెచ్‌వన్‌ బీ వీసా మీదున్న మన పిల్లలు ఒకటి గుర్తుంచుకోవాలి: వేట లైసెన్సు లాంటి మినహాయింపు లేకుండా తుపాకీ దగ్గర ఉంచుకుంటే అది ఫెడరల్ నేరం.

ఒహాయోలో జింక మీద బక్‌షాట్, అంటే ఒకేసారి చెల్లాచెదురయ్యే గుళ్లు, వాడకూడదు. ఒకే ముద్దగా వెళ్లే స్లగ్ వాడాలి. 1931లో కార్ల్ ఫోస్టర్ చేసిన స్లగ్ ముందు బరువు, వెనక బోలు. బ్యాడ్మింటన్ కాక్ లాగా ముక్కు ముందుకి పెట్టుకునే పోతుంది. 12 గేజ్‌లో మామూలుగా ఔన్సు స్లగ్ వస్తుంది, 28 గ్రాములు. 20 గేజ్‌లో ముప్పావు ఔన్సుది దొరుకుతుంది, 21 గ్రాములు.

మరి ఏది కొనాలి? "పెద్ద జంతువు కదా, పన్నెండే" అన్నారు మా ఆయన. ఆయన ఆరడుగుల మనిషి. నేను ఐదడుగుల రెండంగుళాలు. ఆయన తుపాకీతో మొదటి రోజు ఆరు స్లగ్‌లు కాల్చాను. మర్నాడు జాకెట్ తొడుక్కోవడానికి చెయ్యి లేవలేదు. అయినా పౌరుషం కదా, వారం వారం వెళ్లాను. అట్ట మీద చిల్లులు మాత్రం ఎప్పుడూ కిందికే పడేవి.

మా పక్కింట్లో ఒక పెద్దాయన ఉన్నారు, రిటైరైన రైతు. ఒకరోజు వచ్చి నా వెనక నిలబడ్డారు. "తూటా నేనే పెట్టిస్తాను, నువ్వు కాల్చు చాలు" అన్నారు. రెండుసార్లు పేలింది. మూడోసారి ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమంది, అంతే. ఆయన తూటా పెట్టనే లేదు. కానీ గొట్టం కొస నాలుగు అంగుళాలు కిందికి వంగింది, నా కళ్లు మూసుకుపోయాయి. తుపాకీ తన్నకముందే నేను తన్నించుకుంటున్నానన్నమాట. ఆయన ఏమీ అనలేదు. లోపలికెళ్లి వాళ్ల మనవరాలి 20 గేజ్ పట్టుకొచ్చారు.

అదీ తంతుంది. తుపాకీ తేలిక కాబట్టి బాగానే తంతుంది. కానీ మడమ పొట్టిది, నా భుజానికి అతికినట్టు కూర్చుంది. నున్నటి గొట్టంతో గురి కుదిరేది యాభై, మహా అయితే డెబ్బై ఐదు గజాలు. అంతకు మించి కావాలంటే లోపల మరలున్న గొట్టం, దానికి తొడుగుతో వచ్చే సాబో స్లగ్ కావాలి. మేం వెళ్లే హాకింగ్ కౌంటీ అడవిలో నలభై గజాలు దాటితే నాకు చెట్లు తప్ప ఏమీ కనిపించవు. ముందు కాలి వెనక, ఊపిరితిత్తుల చోట పడితే 21 గ్రాములకీ 28 గ్రాములకీ తేడా జింకకి తెలియదు. పొట్టలో పడితే ఔన్సు స్లగ్ కూడా దాన్ని చిత్రహింస పెడుతుంది. 16 గేజ్ బాగుంటుందనేవాళ్లున్నారు, తూటాలు వెతుక్కోవాలి. 10 గేజ్ మోయడం నా వల్ల కాదు. ఫోర్ టెన్ చెయ్యి తిరిగినవాళ్లకే.

ఒక ఇంట్లో రెండు గేజ్‌లుంటే మాత్రం జాగ్రత్త. 20 గేజ్ తూటా పొరపాటున 12 గేజ్ తుపాకీలో వేస్తే లోపలికి జారి గొట్టంలో ఇరుక్కుంటుంది. ఖాళీగా ఉందనుకుని వెనక 12 తూటా పెట్టి కాలిస్తే గొట్టమే పగిలిపోతుంది. అందుకే 20 గేజ్ తూటాలు పసుపు రంగులో చేస్తారు. ఒక సాయంత్రం మా ఆయన కోటు ఉతకడానికి జేబులు తిప్పితే ఎర్రవాటి మధ్య ఒక పసుపుది దొరికింది. ఆ రాత్రి ఇద్దరికీ అన్నం సహించలేదు.

థ్యాంక్స్‌గివింగ్ తర్వాతి సోమవారం గన్ వీక్ మొదలైంది. నారింజ రంగు కోటు, ఫ్లాస్కులో అల్లం టీ. ఎనిమిదిన్నరకి ఒక ఆడ జింక ఓక్ చెట్ల కింద కాయలు ఏరుకుంటూ వచ్చి, ముప్పై గజాల దూరంలో అడ్డంగా నిలబడింది. ఎంతసేపు చూశానో తెలియదు. కాల్చాక అరవై అడుగులు పరుగెత్తి పడింది. తుపాకీ తన్నిందో లేదో గుర్తు లేదు.

సాయంత్రం నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. జింక మాట ఆయనకి నచ్చలేదు, కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీ ఆయనది పన్నెండు, నీది ఇరవయ్యా?" అన్నారు.

అవునన్నాను.

"ఇరవై కౌంటు చిన్న రొయ్యేం కాదులే" అన్నారు.